ఎండల్లో కొండెక్కే ముందు కూలెంట్ చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పిల్లలకు సెలవులూ అప్పుడే, చుట్టాలు దిగేదీ అప్పుడే. కారు నిండా జనం, ఏసీ వేసుకుని అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతాం. చిన్న గేర్లలో కిలోమీటర్ల కొద్దీ ఎక్కాలి కాబట్టి ఇంజిన్‌కి శ్రమ ఎక్కువ, ఇంజిన్ వేడిని లాగే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ని, చల్లార్చే రేడియేటర్‌కి తగిలే గాలి తక్కువ. ఊళ్లో తిరిగినన్నాళ్లూ తెలియని కూలెంట్ లోటు అక్కడ బయటపడుతుంది. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ మీద పోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండేళ్ల కిందట మాకలాగే అయింది. సగం దూరం ఎక్కేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతకి చేరింది. కారు ఆపగానే నాన్న నీళ్ల సీసాతో దిగి, "మూత తియ్‌రా, పోద్దాం" అన్నారు. "వద్దు నాన్నా, ముట్టుకోవద్దు" అని చెయ్యి పట్టుకుని ఆపాను. వేడి మీద రేడియేటర్ లోపల ఒత్తిడి ఉంటుంది. మూత వదులైతే మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పిపెట్టండి.

తర్వాత తెలిసింది, అంతకుముందు ఎవరో రేడియేటర్‌లో ఉత్త బోరు నీళ్లు నింపారని. మన బోరు నీళ్లు కాచిన గిన్నెకి తెల్లగా పట్టే ఉప్పే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పైగా ఉత్త నీళ్లకి తుప్పును ఆపే గుణం లేదు, కూలెంట్ కలిపిన నీళ్ల కంటే త్వరగా మరుగుతాయి కూడా.

చూడాల్సింది పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కారు చదును నేల మీద నిలిపి. కూలెంట్ ట్యాంక్ మీద మిన్, మ్యాక్స్ గీతలుంటాయి, మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలి. మ్యాక్స్ దాటించకండి, వేడికి కూలెంట్ ఉబ్బుతుంది. తగ్గితే కారు మాన్యువల్ చెప్పిన రకమే పోయండి. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు. చిక్కటి కూలెంట్ అయితే డబ్బా మీద రాసిన పాళ్లలో, చాలావాటికి సగానికి సగం, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ముందే నీళ్లు కలిపి అమ్మేదాంట్లో ఇంకేమీ కలపక్కర్లేదు.

పోసిన వారానికే మళ్లీ తగ్గిందా? అది ఎక్కడో కారుతోంది. మళ్లీ మళ్లీ పోస్తూ కాలం గడపకండి. కారు కింద తడి చూడండి: ఏసీ నీళ్లయితే తేటగా ఉంటాయి, కూలెంట్ అయితే రంగుగా, జిడ్డుగా ఉంటుంది. బయట తడి లేకుండా తగ్గుతూ, పొగ తెల్లగా వస్తూ, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం అతుకులో ఉండే సీలు) పోయిందేమోనని అనుమానం. ఆ కారుతో కొండ మాట తలపెట్టకండి.

దారిలో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. ఉక్కగా ఉన్నా ఇంజిన్ వేడి కొంత బయటికి పోతుంది. మలుపు కాని చోట పక్కకి నిలిపి ఇంజిన్ ఆపండి. అరగంటకి పైనే ఆగాలి. పూర్తిగా చల్లారాక మందపాటి గుడ్డ వేసి మూతను నెమ్మదిగా తిప్పండి. కాలిన ఇంజిన్‌లో చల్లని నీళ్లు పోస్తే పగుళ్లిస్తుంది. చల్లారాక మాత్రం మెకానిక్ దాకా చేరడానికి తాగే నీళ్లైనా పోయొచ్చు, తర్వాత కడిగించి మళ్లీ నింపించాలి.

పాత కూలెంట్‌ని వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, అది విషం. మిగిలిన డబ్బా మూత బిగించి, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.