పెర్ల్ పెయింట్‌కు లోతు, మెరుపు తెచ్చే పద్ధతి: ఒక పెట్రోల్ ట్యాంకు ఉదాహరణగా

మోటారు సైకిల్ ట్యాంకుకు పెర్ల్ వైట్ వేయించుకున్నవారు చాలామంది ఒకే అసంతృప్తి చెబుతారు. నీడలో చూస్తే అది మామూలు తెలుపులా ఉంటుంది, ఎండలో చూస్తే వెండి పొడి చల్లినట్టు ఉంటుంది, లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టు మాత్రం ఉండదు. దీన్ని సరిచేయడానికి మిశ్రమంలో పెర్ల్ పొడి ఇంకొంచెం కలపడం మామూలుగా జరిగే పని, దానితో రంగు మరింత చెడుతుంది. లోతు అనేది పొడి మోతాదు వల్ల వచ్చేది కాదు. అడుగు రంగుకూ పైనున్న క్లియర్ కోటుకూ (రంగులేని పారదర్శక పూతకూ) మధ్య కాంతి దిగి, తిరిగి పైకి రావడానికి చోటు మిగిలినప్పుడే అది వస్తుంది.

పెర్ల్ పొడిలో చాలా రకాలకు మూలం అభ్రకం, అంటే మన ఊళ్లలో కాకిబంగారం అని పిలిచే ఖనిజమే. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల గురించి విన్నవారికి ఇది పొరలు పొరలుగా విడిపోయే గుణం తెలిసే ఉంటుంది. ఆ పలచని రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత పూసి పెర్ల్ పొడిని తయారు చేస్తారు. రేకు వెడల్పు సాధారణంగా 10 నుంచి 60 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, పూత మందం మైక్రాన్‌లో పదో వంతు స్థాయిలో ఉంటుంది. పూత పైఅంచు నుంచి తిరిగివచ్చే కాంతి, కింది అంచు నుంచి తిరిగివచ్చే కాంతి కలిసినచోట రంగు పుడుతుంది; సబ్బు బుడగ మీద రంగులు కనిపించడానికి కారణం కూడా ఇదే. పూత మందం పెరిగేకొద్దీ వెండి తెలుపు బంగారు ఛాయకు, తర్వాత ఎరుపుకు, నీలానికి, ఆకుపచ్చకు మారుతుంది. దీన్నిబట్టి పెయింటర్ గుర్తుపెట్టుకోవలసినవి రెండున్నాయి. రేకులు బల్లపరుపుగా పడుకోవాలి, వాటి మధ్య ఎడం ఉండాలి. నిలబడిపోయిన రేకు కాంతిని పక్కలకు చెదరగొట్టి గరుకుగా కనిపిస్తుంది, కిక్కిరిసిన రేకులు అడుగు రంగును పూర్తిగా కప్పేస్తాయి.

పని మొదలుపెట్టే ముందు ట్యాంకులోని పెట్రోలును పూర్తిగా తీసి, ఆవిరి పోయేదాకా బయట గాలి తగిలే చోట ఉంచాలి. ఎమరీ పేపర్ పట్టకముందే గ్రీజు, మైనం, సిలికాన్ పాలిష్ జాడలను సాల్వెంట్‌తో తుడవాలి, లేకపోతే అవి గీతల్లోకి దిగి తర్వాత పెయింట్‌లో చేపకళ్లలాంటి గుంటలుగా తేలతాయి. ఇనుము బయటపడిన చోట తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్, దానిపై గీతలు పూడ్చి చదును చేసే సర్ఫేసర్ వేసి, 400తో మొదలుపెట్టి 800 నంబరు వాటర్ పేపర్ వరకు నీళ్లతో రుద్దాలి. పెర్ల్ పొర పారదర్శకం కాబట్టి అడుగున మిగిలిన ఏ గీతనూ అది దాచదు.

అడుగు రంగు ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. నీలి ఛాయ పెర్ల్‌ను నలుపు మీద వేస్తే నీలం గట్టిగా పలుకుతుంది. అదే పొడిని తెలుపు మీద వేస్తే నీలం లీలగా మాత్రమే కనిపించి, పక్క నుంచి చూసినప్పుడు పసుపు ఛాయ వస్తుంది. మన ఉదాహరణకు శుభ్రమైన తెలుపు అడుగు, దానిపై వెండి తెలుపు సన్నరకం పెర్ల్ సరిపోతాయి. ట్యాంకు మీద ముతకరకం పొడిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అంత చిన్న ఉపరితలం మీద అది మిణుకు మిణుకుమంటుందే గాని ముత్యపు నునుపు ఇవ్వదు. అడుగు తెలుపు ఎక్కడా పలచబడకుండా నిండుగా పడాలి. చిన్న మచ్చ మిగిలినా పెర్ల్ దాన్ని ఎత్తి చూపుతుంది.

పెర్ల్‌ను రంగులో కాక, రంగులేని బైండర్‌లో (పొడిని పట్టి ఉంచే ద్రవంలో) కలిపి మధ్య పొరగా వేయాలి. లీటరు బైండర్‌కు 15 నుంచి 25 గ్రాములతో మొదలుపెట్టవచ్చు, కానీ చెంచాతో అంచనా వేయకుండా త్రాసులో తూచాలి. ముందుగా పొడిని కొద్దిపాటి బైండర్‌లో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మిగతాది పోసి, వడకట్టుకోవాలి. ట్యాంకును తాకే ముందు, అదే తెలుపు వేసిన 4 ఇనుప రేకు ముక్కలపై వరుసగా 1, 2, 3, 4 కోట్లు వేసి, సగభాగం మీద క్లియర్ కొట్టి, ఎండలోనూ నీడలోనూ పెట్టి చూడండి. క్లియర్ పడని పెర్ల్‌ను చూసి తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. చాలామందికి నాలుగో ముక్కకన్నా రెండో, మూడో ముక్కే నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ తెలుపు ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

స్ప్రే చేసేటప్పుడు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న గన్ వాడి, దాన్ని 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉపరితలానికి సమాంతరంగా నడపాలి. మామూలు రంగుకు గన్ ఒకసారి నడిపితే పడే పట్టీ మీద మరో పట్టీ సగం పడితే చాలు, పెర్ల్‌కు మాత్రం ముప్పావు వంతు పడాలి, లేకపోతే ఎండలో పులిచారలు కనిపిస్తాయి. ఒక కోటు అడ్డంగా, తర్వాతిది నిలువుగా వేయడం మంచిది. ట్రిగ్గర్‌ను ట్యాంకు అంచు దాటాక వదలాలి, మధ్యలో ఆపితే అక్కడ మచ్చ మిగులుతుంది. పెర్ల్ రేకులు గన్‌కు ఉండే పెయింట్ కప్పు అడుగుకు దిగిపోతుంటాయి కాబట్టి రెండు మూడు పట్టీలకొకసారి గన్‌ను మెల్లగా తిప్పుతూ ఉండాలి. పెర్ల్ మరీ తడిగా పడితే రేకులు ఈదుకుంటూ పోయి మబ్బులు కడతాయి, మరీ పొడిగా పడితే నిలబడిపోతాయి. మధ్యస్థంగా తడిసిన పలచని కోట్లు వేస్తూ, ఒక్కో కోటు తడిమెరుపు తగ్గి మందగించేదాకా ఆగి, చివరి కోటు మాత్రం గన్‌ను 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరానికి జరిపి, మంచులా తేలికగా పట్టించాలి. చారలు, మబ్బులు ఉంటే ఆ కోటుతో చాలావరకు సర్దుకుంటాయి. మే నెల ఎండల్లో మామూలు థిన్నర్ ట్యాంకును చేరేలోపే ఆరిపోతుంది కాబట్టి నెమ్మదిగా ఆరే థిన్నర్ తీసుకుని తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. వానాకాలంలో కంప్రెసర్ ట్యాంకులోని నీటిని పని మొదలుపెట్టే ముందే వదలాలి.

పెర్ల్ పొరలో దుమ్ము పడితే దాన్ని నేరుగా రుద్దకూడదు, రుద్దిన చోట రేకులు తెగి రంగు మారుతుంది. పైన రంగులేని బైండర్ ఒక కోటు వేసి, ఆ పొరలోనే దుమ్మును తీసేసుకోవాలి.

నేను మొదట చేసిన ట్యాంకు బాగానే వచ్చింది, కానీ సైడ్ ప్యానెళ్లను మరుసటి రోజు చేశాను. మోతాదు అదే అయినా, ట్యాంకును నిలబెట్టి చేసి ప్యానెళ్లను బల్ల మీద పడుకోబెట్టి చేయడంతో రెండింటికీ ఛాయ కలవలేదు. అన్నీ బిగించాకే అది కనబడింది, మూడింటినీ మళ్లీ చేయవలసి వచ్చింది. బండికి అమరే భాగాలన్నింటినీ బండి మీద ఉండే భంగిమలోనే వేలాడదీసి, ఒకే మిశ్రమంతో, ఒకే పూట చేయడం అప్పటి నుంచి నేను తప్పకుండా పాటిస్తున్నాను.

లోతు మధ్య పొర ఇస్తే మెరుపును క్లియర్ కోటు ఇస్తుంది. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే టూ కే, అంటే రెండు భాగాల క్లియర్‌ను డబ్బాపై చెప్పిన పాళ్లలో కలిపి, 10 నుంచి 15 నిమిషాల విరామంతో రెండు నిండు కోట్లు వేయాలి. ఆరాక ఆ రెండూ కలిసి దాదాపు 50 నుంచి 60 మైక్రాన్లు ఉండాలి. ఇంకా లోతు కావాలంటే ఒకేసారి మందంగా పోయకుండా, పూర్తిగా గట్టిపడ్డాక 800 పేపర్‌తో చదును చేసి, మళ్లీ రెండు కోట్లు వేయాలి. ఈ హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఏమాత్రం ఆపదు, ఒకసారి వాటివల్ల ఆస్తమా మొదలైతే ఆ తర్వాత కొద్ది మోతాదు కూడా ఊపిరి ఆపేయగలదు. బయటి గాలి అందించే మాస్కు, చేతి తొడుగులు, గాలి బయటికి లాగే ఫ్యాను లేనివారు క్లియర్ కోటును స్ప్రే బూత్ (పెయింట్ కొట్టడానికి గాలి ఏర్పాటున్న మూసిన గది) ఉన్న షాపులో వేయించుకోవడమే సరైనది. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని పెయింటర్లందరినీ కోరుతున్నాను.

క్లియర్ గట్టిపడ్డాక 1500, 2000, 3000 నంబరు పేపర్లతో నీళ్లు పోస్తూ వరుసగా రుద్ది, కాంపౌండుతో బఫింగ్ చేయాలి. ట్యాంకు అంచుల దగ్గర క్లియర్ పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ టేపు అంటించి, చివరగా చేత్తోనే పాలిష్ చేయాలి. అక్కడ పెర్ల్ బయటపడితే పాలిష్‌తో సరిదిద్దలేరు, మధ్య పొర నుంచి మళ్లీ చేయవలసిందే. మైనం పాలిష్‌కు ఒక నెల ఆగండి, క్లియర్ పూర్తిగా గట్టిపడేదాకా మూత దగ్గర పెట్రోలు చుక్క పడనీయకండి. ఎంచుకున్న నమూనా ముక్క వెనక గ్రాములు, కోట్ల సంఖ్య, నాజిల్, గాలి ఒత్తిడి రాసి దాచుకోండి, ఎప్పుడైనా ట్యాంకుకు సొట్ట పడితే మళ్లీ ఆ తెలుపును కలపడానికి అదే ఆధారం.