క్రెడిట్ కార్డ్ ఫారంలో ఇన్‌కమ్ దగ్గర ఏటి రాయాలి?

మన దగ్గర ఒక్కో మనిషికి మూడు ఆదాయాలుంటాయి. రైస్ కార్డ్ కోసం సచివాలయంలో చెప్పేది ఒకటి (పల్లెలో కుటుంబానికి నెలకి 10,000, టౌన్లో 12,000 దాటకూడదని రూల్ కాబట్టి అందరిదీ వింతగా ఆ లోపే ఉంటాది), పెళ్లి సంబంధం వచ్చినప్పుడు చెప్పేది ఇంకోటి, నిజంగా సంపాదించేది మూడోది. క్రెడిట్ కార్డ్ ఫారంలో రాయాల్సింది ఆ మూడోదే, అది కూడా కాగితం చూపించగలిగినంత వరకే.

షాపింగ్ మాల్ బయట టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రోళ్లు "పర్లేదన్నా, ఆరు లక్షలు రాసీద్దాం, లిమిట్ ఎక్కువొస్తాది" అంటారు, వాళ్లకి కార్డుకింత అని కమీషన్, కింద సంతకం మాత్రం మీది. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టీసి వచ్చీకండి. ట్యాబ్‌లో వాళ్లే నింపుతుంటే ఓటీపీ చెప్పే ముందు ఆ ట్యాబ్ మీ చేతిలోకి తీసుకుని ఇన్‌కమ్ గడి ఒక్కసారి చూసుకోండి, మొహమాటం ఏటి అక్కర్లేదు.

ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి. పాన్, ఆధార్ ఎలాగూ ఉంటాయి. ఉద్యోగం అయితే మామూలుగా చివరి మూణ్ణెల్ల పే స్లిప్పులు, ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం), జీతం పడే అకౌంట్ స్టేట్‌మెంట్ అడుగుతారు. వ్యాపారం అయితే ఐటీ రిటర్నులు, చాలా బ్యాంకులు రెండేళ్లవి అడుగుతాయి. తహసీల్దార్ ఆఫీస్ నుంచి వచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ స్కాలర్‌షిప్‌కీ రిజర్వేషన్‌కీ పనికొస్తాది గాని ఇక్కడ దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇప్పుడు అసలు చిక్కు. ఫారంలో ఒకచోట గ్రాస్ యాన్యువల్ (కోతలకి ముందు ఏడాది జీతం) అని ఉంటాది, ఇంకోచోట నెట్ మంత్లీ (కోతలు పోగా నెలకి చేతికొచ్చేది) అని ఉంటాది, మనోళ్లు ఆఫర్ లెటర్‌లో ఉన్న సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) తీసుకెళ్లి రెండిట్లోనూ కొట్టీస్తారు. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేసే కుర్రాడికి సీటీసీ 3,60,000 అనుకుందాం. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ నెలకి 1,800 చొప్పున ఏడాదికి 21,600, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 14,400 అనుకోండి, అవి పోతే గ్రాస్ 3,24,000, అంటే నెలకి 27,000. అందులోంచి తన వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కోస్తే అకౌంట్లో పడేది 25,000. అప్పుడు గ్రాస్ యాన్యువల్ దగ్గర 3,24,000, నెట్ మంత్లీ దగ్గర 25,000. 3,60,000 ఎక్కడా రాదు. ఏడాది గడిలో 25,000 రాసీసి, ఎందుకు రిజెక్ట్ అయ్యిందో తెలీక బ్యాంకుని తిట్టుకునేవాళ్లూ ఉన్నారు.

టీచర్లకి, గవర్నమెంట్ ఉద్యోగులకి ఇంకో తిరకాసు. డీఏ ఎరియర్స్ (పాత నెలల కరువు భత్యం బకాయి) పడిన నెల స్లిప్ చూసి దాన్ని పన్నెండుతో గుణించీకండి, మామూలు నెలది తీసుకోండి. ఏపీజీఎల్ఐ (గవర్నమెంట్ ఇన్సూరెన్స్), జీపీఎఫ్, సొసైటీ లోను ఇవన్నీ పోగా చేతికొచ్చేది తక్కువే కనిపించొచ్చు, పర్లేదు, గ్రాస్ గడిలో గ్రాసే వెయ్యాలి. రిటైర్ అయినవాళ్లకి పెన్షనే ఆదాయం, రాసుకోవచ్చు.

వ్యాపారం చేసేవాళ్లు టర్నోవర్ రాసీస్తారు. పలాసలో జీడిపప్పు వ్యాపారికి ఏడాదికి 40 లక్షల సరుకు అమ్ముడవ్వొచ్చు, అది ఆదాయం కాదు కదా, గింజల ఖర్చు, కూలీలు, కరెంటు పోగా మిగిలి, రిటర్న్‌లో ఆదాయం కింద చూపించింది 4,50,000 అయితే అదే రాయాలి. "నిజంగా ఎక్కువే వస్తాది గాని రిటర్న్‌లో తక్కువ చూపించాం" అంటే బ్యాంకోడు నవ్వుతాడు, అంతే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్నవాళ్లది వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు గనక కాగితమూ ఉండదు చాలామందికి, రిటర్న్ వేస్తే అందులో మినహాయింపు ఆదాయం కింద చూపించుకోవచ్చు. అది లేకపోతే నోటికొచ్చిన అంకె రాసీడం కన్నా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డ్ తీసుకోండి, దానికి ఇన్‌కమ్ ప్రూఫ్ మామూలుగా అడగరు. హైదరాబాద్ నుంచి కొడుకు నెలనెలా ఫోన్‌పే చేసే డబ్బు మీ ఆదాయం కాదు, వాడి కార్డ్ మీదే మీ పేరున ఇచ్చే యాడ్ ఆన్ కార్డ్ అడగొచ్చు.

ఎక్కువ రాస్తే ఎవడు చూస్తాడులే అనుకుంటారు గాని స్టేట్‌మెంట్‌తో సరిచూస్తారు, సిబిల్ రిపోర్ట్ (మీ అప్పుల చరిత్ర) తీస్తారు, కొన్నిసార్లు ఆఫీస్‌కి ఫోన్ కూడా చేస్తారు. నకిలీ పే స్లిప్ పెడితే అది రిజెక్ట్‌తో ఆగే విషయం కాదు, మోసం కేసు కూడా అవ్వొచ్చు. ఒకవేళ నిజంగానే పెద్ద లిమిట్ వచ్చీసింది అనుకోండి, బిల్లు పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల మీద నెలకి మూడున్నర శాతం దరిదాపుల్లో వడ్డీ, అంటే ఏడాదికి నలభై దాటుతాది, 25,000 జీతంలో అది తీర్చడం ఎలాగో మీరే చూసుకోండి.

అప్లికేషన్ తిరగ్గొడితే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, కాబట్టి అడగండి. ఆదాయం తేడా అని వస్తే కోపంతో అదే వారంలో నాలుగు బ్యాంకులకి అప్లై చెయ్యొద్దు, ప్రతి అప్లికేషన్‌కీ సిబిల్‌లో ఒక ఎంక్వైరీ పడుతుంది. ఏడాదికొకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇస్తారు, అది తీసి చూసుకుని, అంకె సరిచేసుకుని కొన్ని నెలలు ఆగి మళ్లీ వెయ్యండి. ఈలోగా జీతం పెరిగితే కొత్త స్లిప్పులే పెట్టండి.