తళుకు బేస్ గిటార్: పూత ఎక్కడ చెడింది, ఎలా బాగుచేయాలి

ఇంట్లో బేస్ గిటార్‌కు తళుకు (గ్లిటర్) పూత వేసేవారికి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి తళుకు కారణం కాదు. కింది పూత సరిగా ఆరి ఉండదు, పై పూత చాలి ఉండదు, లేదా ఆ రోజు గాలిలో తేమ ఎక్కువై ఉంటుంది. కంటికి ఆనేది మెరిసే పొరే కాబట్టి నింద దాని మీద పడుతుంది. అందుకే లోపం కనిపించగానే ఇంకో పూత కొట్టేయకుండా, ఏ పొరలో మొదలైందో ముందు చూడాలి.

ఇక్కడ చెప్పేదంతా నెక్‌ను (తీగలు సాగే పొడవాటి కాడను) స్క్రూలతో బిగించే గట్టి చెక్క బాడీ గురించి, అంటే ఫెండర్ కంపెనీ ప్రెసిషన్, జాజ్ మోడళ్ల తరహా బేస్‌ల గురించి. పూతల వరస ఇది: ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత), అడుగు రంగు, క్లియర్‌లో (రంగులేని పారదర్శక పూతలో) కలిపిన తళుకు, దాని మీద ఉత్త క్లియర్ పలుమార్లు, ఆపైన చదును చేసి మెరుగు పెట్టడం. పాత పూతను చెక్క దాకా గీకితీరాలన్న పట్టుదల అనవసరం. కంపెనీ పూత పగుళ్లు లేకుండా గట్టిగా ఉంటే 320 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దాని మీదే ప్రైమర్ కొట్టవచ్చు.

ఇంకొక్క మాట చెప్పి పనిలోకి వెళ్దాం. హార్డెనర్ (పూతను గట్టిపరిచే రసాయనం) కలిపే రెండు డబ్బాల క్లియర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు చేసే హాని చిన్నది కాదు. గుడ్డ మాస్కు కట్టుకుని ఇంట్లో కొట్టే వస్తువు కాదది. ఇంట్లో ఆక్రిలిక్ ల్యాకర్‌తోనే (థిన్నర్ ఆవిరై ఆరే పూతతోనే) సరిపెట్టుకోండి. అదీ గాలి ఆడే చోట, రసాయన ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కుతో, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ లేకుండా చూసుకుని కొట్టండి. హార్డెనర్ క్లియరే కావాలనుకుంటే తళుకు దాకా మీరు చేసి, ఆఖరి పూతలు కార్లకు పెయింటింగ్ చేసే షెడ్డులో వేయించుకోండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బంపరుకు వేసే చేత్తోనే గిటార్‌కూ వేస్తారు. అయితే మీ కింది పూత ఏ రకమో వారికి ముందే చెప్పాలి.

ఎన్ని పూతలు వేసినా గరుకు పోవడం లేదు

అందరికీ ఎదురయ్యేది ఇదే. తళుకు అంటే అల్యూమినియం పట్టించిన సన్నని పాలియెస్టర్ పొర ముక్కలు. గిటార్లకు వాడేవి ఎక్కువగా 0.1, 0.2, 0.4 మిల్లీమీటర్ల వెడల్పులో ఉంటాయి. అన్నీ బల్లపరుపుగా పడుకుంటే ఇబ్బందే లేదు. కానీ స్ప్రే గన్ నుంచి వచ్చేటప్పుడు కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కొన్ని అంచు మీద నిలబడిపోతాయి. 0.2 మిల్లీమీటర్ల ముక్క నిలబడితే దాని ఎత్తు 0.2 మిల్లీమీటర్లు. ల్యాకర్ క్లియర్ ఒక పూత ఆరాక మిగిలే మందం సుమారు 0.01 నుంచి 0.03 మిల్లీమీటర్లు. లెక్క చూస్తే, నాలుగు పూతలకే నునుపు రాలేదని కంగారు పడటం ఎందుకు అనవసరమో తెలుస్తుంది.

చేయవలసింది ఇది. తళుకు పూత ఆరాక మెత్తని కుంచెతో తుడిచి, అంటుకోని ముక్కలను రాల్చేయండి. క్లియర్ మూడు నాలుగు పూతలు వేసి ఒక రోజు ఆరనివ్వండి. 400 నంబరు కాగితాన్ని చదునైన దిమ్మకు చుట్టి, నీళ్లు లేకుండా, శిఖరాలు మాత్రమే తగిలేలా తేలికగా రుద్దండి. దుమ్ము తుడిచి మళ్లీ మూడు నాలుగు పూతలు, మళ్లీ రుద్దడం. 0.2 తళుకుకు ఈ చక్రం రెండు మూడుసార్లు తిరగాల్సిందే.

చదునైందో లేదో వేలితో తడిమి తెలుసుకోలేరు. చీకటి గదిలో బల్బును బాడీ పక్కన దించి పట్టుకుని, ఏటవాలు వెలుతురులో చూడండి. కాగితం తగిలిన చోటు మసకగా ఉంటుంది, తగలని గుంటలు చిన్న చిన్న మెరిసే చుక్కలుగా మిగిలి ఉంటాయి. చుక్కలన్నీ పోయి ముఖమంతా ఒకే మసకగా మారేవరకు మెరుగు పెట్టే కాగితాల జోలికి వెళ్లవద్దు. ఆ మసకను చూసి చాలామంది పని చెడిందని భయపడతారు. నిజానికి పని కుదిరిందనడానికి అదే గుర్తు.

రుద్దుతుంటే రంగు తళుకు మధ్యలో తెల్లని చుక్కలు తేలాయి

కాగితం క్లియర్‌ను దాటి తళుకును తాకింది. ఎరుపైనా, నీలమైనా, బంగారు వన్నెదైనా, ముక్క మీద రంగు అతి పలుచని పొర. అది గీరుకుపోగానే కింది అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. దాని మీద క్లియర్ ఎంత వేసినా ఆ రంగు తిరిగి రాదు.

తెల్లబడిన చోటు చిన్నదైతే అదే తళుకును కాస్త క్లియర్‌లో కలిపి, సన్నని కుంచె మొనతో అద్దండి, గీయవద్దు. ఆరాక దాని మీద క్లియర్ పోసి చదును చేయండి. అరచేయంత మేర పోయి ఉంటే అతుకు కనిపించక మానదు. ఆ ముఖమంతా మళ్లీ ఒక తళుకు పూత పట్టించడమే మంచిది.

ఇది ఎక్కువగా జరిగేది అంచుల మీద, బాడీ కొమ్ముల (నెక్‌కు పక్కగా ముందుకు వచ్చే భాగాల) మొనల దగ్గర. అక్కడ పూత సహజంగానే పలచబడుతుంది, దిమ్మ ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. చదును చేసేటప్పుడు అంచుల వెంట మాస్కింగ్ టేప్ అంటించి, ముఖం పూర్తయ్యాక టేప్ తీసి, అంచులను దిమ్మ లేకుండా వేళ్లతో మెల్లగా ముగించండి. మొదటిసారి చేసేవారికి నేను వెండి తళుకునే చెబుతాను. కాస్త గీరుకున్నా అది వెండిగానే ఉంటుంది, మెరుపు కొద్దిగా తగ్గుతుందంతే.

ఒకచోట గుంపులు, ఒకచోట పలచన

తళుకు గన్ కప్పు అడుగుకు చేరిపోయింది. కప్పులో రెండు మూడు శుభ్రమైన బేరింగ్ గుళ్లు వేసి, ప్రతి రెండు వరుసలకూ ఒకసారి కదుపుతూ ఉండండి. కప్పులో జల్లెడ ఉంటే తీసేయాలి. అది ఉన్నంతసేపూ తళుకు దాని దగ్గరే ఆగిపోయి, బాడీ మీదికి ఉత్త క్లియర్ వస్తుంది. 0.1 తళుకుకు 1.4 మిల్లీమీటర్ల నాజిల్ చాలు. 0.2కు 1.8 నుంచి 2 దాకా కావాలి. 0.4 రకం మామూలు ఇంటి గన్‌కు బరువైన పని.

అడుగు రంగు తళుకు రంగుకు దగ్గరగా ఉంటే సందులు కనిపించవు. నల్లని అడుగు మీద వెండి తళుకు ఫోటోలో బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ప్రతి సందునూ ఎత్తి చూపిస్తుంది. పలచని పూతలుగా, ఒకటి నిలువుగా, తర్వాతది అడ్డంగా కొట్టండి. ఇప్పటికే పలచబడి ఉంటే ఆ ఒక్క చోటే నింపబోతే అక్కడ మచ్చ తేలుతుంది. ఒక క్లియర్ పూత వేసి ఆరనిచ్చి, ఆ ముఖం మొత్తానికి ఇంకో తళుకు పూత వేయాలి.

గన్‌తో పెట్టుకోవడం ఇష్టం లేనివారికి పాత దారి ఒకటుంది. 1950ల్లో గ్రెచ్ కంపెనీ సిల్వర్ జెట్ గిటార్ ముఖానికి తళుకు పూత కొట్టలేదు. తాను తయారుచేసే డ్రమ్ములకు చుట్టే తళుకు ప్లాస్టిక్ రేకునే దానికి అంటించింది. చదునైన ముఖానికి అది ఇప్పటికీ పనికొస్తుంది. చేయి ఆనే చోట వాలుగా చెక్కిన బాడీలకు మాత్రం కుదరదు.

తళుకు రంగు కరిగి క్లియర్‌లోకి దిగింది

ఫ్యాన్సీ షాపులో దొరికే అలంకరణ తళుకు వాడి ఉంటారు. దాని రంగు థిన్నర్‌కు తట్టుకోదు. ఒకసారి దిగిన రంగును వెనక్కి తేలేం. ఆ పొర మొత్తం రుద్ది తీసేయడం ఒక్కటే దారి. ముందే తెలుసుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. చిన్న గాజు సీసాలో చిటికెడు తళుకు వేసి, మీరు వాడబోయే థిన్నర్ పోసి, మూత బిగించి రాత్రంతా ఉంచండి. పొద్దున థిన్నర్‌కు రంగు పట్టినా, ముక్కలు వెలిసినా ఆ ప్యాకెట్ పిల్లల బొమ్మలకు పనికొస్తుంది, గిటార్‌కు కాదు. ఒకే దుకాణంలో కొన్న ఎరుపు నిలబడి నీలం కరగవచ్చు, కాబట్టి ప్రతి రంగునూ విడిగా చూడాలి.

పూత మీద తెల్లని మబ్బు పట్టింది

థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు బాడీ ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు చేరి పూతలో చిక్కుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఏడాదిలో చాలా రోజులు ఈ బెడద ఉంటుంది. హైదరాబాద్‌లో జూలై, ఆగస్టు ముసురుల్లో తప్పదు. తేమ 70 శాతం దాటిన రోజు ల్యాకర్ కొట్టకపోవడమే మేలు. తేమ కొలిచే చిన్న మీటరు కొనడం ఒక క్లియర్ డబ్బా వృథా కావడం కన్నా చవక.

మబ్బు లేతగా ఉంటే ఒకటి రెండు రోజుల పొడి గాలికి దానంతటదే పోవచ్చు. పోకపోతే పొడి రోజు చూసి, నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కలిపిన క్లియర్‌ను పలచగా ఒక్క పూత వేయండి. పై పొర మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోతుంది. రిటార్డర్‌ను మామూలుగా వాడటం అలవాటు చేసుకుంటే పూత వారాల తరబడి మెత్తగానే ఉండిపోతుంది.

తెలుగు నేల మీద ఈ పనికి అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు కూడా పొద్దున మంచు విడిచాకే మొదలుపెట్టాలి.

పూత విచ్చుకుని గుండ్రని గుంటలు పడ్డాయి

జిడ్డు, అందులోనూ సిలికాన్. పాత గిటార్ పాలిష్, కారు డాష్‌బోర్డుకు కొట్టే స్ప్రే, తలకు రాసుకున్న నూనె చేతికంటి బాడీకి చేరడం, ఏదైనా కావచ్చు. గుంటలు నిండుతాయని మందంగా కొడితే ఇంకా వెడల్పవుతాయి. ఆపి, ఆరనిచ్చి, రుద్ది, మైనం-జిడ్డు తీసే ద్రావకంతో తుడవండి. ఒక గుడ్డతో పట్టించి, అది ఆరిపోకముందే వేరే పొడి గుడ్డతో తీసేయాలి. ఒకే గుడ్డ వాడితే జిడ్డు ఇటు నుంచి అటు మారుతుందంతే. అసలు రుద్దడం మొదలుపెట్టకముందే ఈ తుడుపు ఒకసారి అయి ఉండాలి, లేకపోతే కాగితమే జిడ్డును గీతల్లోకి దించుతుంది.

సూదిమొనంత రంధ్రాలు, బుడగలు

పూత మందమైంది, లేదా ఎండలో పెట్టారు. మే నెలలో మేడ మీద ఆరబెడితే పైన చర్మం కట్టేస్తుంది, లోపలి థిన్నర్ దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. నీడలో, పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇచ్చి కొట్టండి. పడిన రంధ్రాలను క్లియర్ చుక్కలతో నింపి, బాగా ఆరాక చదును చేయవచ్చు. యాష్ చెక్కలో రంధ్రాలు పొడవుగా చెక్క చారల వెంటే వస్తుంటే తప్పు క్లియర్‌ది కాదు, చెక్క రంధ్రాలు పూడలేదు. అది ప్రైమర్‌కు ముందే లప్పంతో తీరాల్సిన పని.

పూత ముడతలు పడి లేచింది

కింద సింథటిక్ ఎనామెల్, పైన ల్యాకర్. ల్యాకర్ థిన్నర్ ఎనామెల్‌ను ఉబ్బిస్తుంది. సర్దుబాటుకు లొంగే లోపం కాదిది. ముడత పడినంత మేర గీకేసి గట్టి పొర దాకా వెళ్లాలి. అడుగు రంగు కొనేటప్పుడే ల్యాకర్ కింద నిలుస్తుందో లేదో దుకాణంలో అడగండి.

కారిన చారలకు ఇంత కథ లేదు. తడిగా ఉండగా ముట్టుకోకుండా పూర్తిగా ఆరనిచ్చి, బ్లేడుతో చార ఎత్తును గీకి, 600 నంబరుతో కలిపేయండి.

బిగించాక బయటపడేవి

ముందుగా, తొందరపడి బిగించవద్దు. ఆక్రిలిక్ ల్యాకర్‌కు కనీసం రెండు వారాలు ఇవ్వండి. నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గాడి) దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. థిన్నర్ వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. ఆ తర్వాతే 800, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు, ఆపైన రుద్దుడు కాంపౌండ్. నీళ్లతో రుద్దేటప్పుడు స్క్రూ రంధ్రాల్లోకి చుక్క దిగినా చెక్క ఉబ్బి, చుట్టూ పూత పగులుతుంది. రంధ్రాలను ముందే కొవ్వొత్తి మైనంతో మూయండి.

స్క్రూ బిగించగానే చుట్టూ పూత లేస్తే, మర పూతను పట్టుకుని పైకి లాగిందన్నమాట. ఈ పూత మామూలు రంగు కన్నా చాలా మందం. బిగించే ముందు ప్రతి రంధ్రం నోటినీ కౌంటర్‌సింక్ బిట్‌తో, చేత్తోనే తిప్పుతూ, స్క్రూ మర తగలనంత వెడల్పు చేయండి.

నెక్ కూర్చోకపోయినా, కూర్చున్నాక తీగల ఎత్తు మారినా నెక్ పాకెట్‌లో పూత పేరుకుంది. బలవంతంగా దూరిస్తే పాకెట్ అంచున పగులు ఖాయం. నాలుగు తీగల లాగుడు మొత్తం 70 కిలోలకు పైనే ఉంటుంది, పాకెట్ అడుగున మెత్తని పూత ఉంటే నెక్ కుదురుగా నిలవదు. అడుగునూ పక్కలనూ చెక్క కనిపించేదాకా గీకండి, మరోసారి పూత వేసేటప్పుడు అక్కడ ముందే టేప్ వేసుకోండి.

అంతా బాగుండి ఆంప్లిఫయర్‌కు కలపగానే గుయ్‌మంటుంటే, తీగల మీద చేయి వేస్తే మోత తగ్గుతుందేమో, తగ్గదేమో చూడండి. తేడా లేకపోతే బ్రిడ్జి (బాడీ మీద తీగల కొసలను పట్టి ఉంచే లోహపు భాగం) కింది ఎర్త్ వైరును అనుమానించండి. దాని రాగి పోగుల మీదికి క్లియర్ చేరి ఉంటుంది, లేదా పూత మందానికి బ్రిడ్జి దానికి సరిగా ఆనడం లేదు. బ్రిడ్జి విప్పి, వైరు కొసను మెరిసేలా గీకి, పోగులను విసనకర్రలా విప్పి పరిచి, మళ్లీ బిగించండి. మల్టీమీటరుతో తీగకూ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) బయటి కొసకూ మధ్య చూస్తే నిరోధం దాదాపు సున్నా ఉండాలి. ఇందులో తళుకులోని అల్యూమినియానికి పాత్ర లేదు. ముక్కలు క్లియర్‌లో విడివిడిగా చిక్కుకుని ఉంటాయి, వాటి గుండా కరెంటు పారదు.

వారం తర్వాత బాడీ వెనక స్టాండు ఆనిన చోట మెత్తని గుర్తు పడితే అది స్టాండు రబ్బరు చేసిన పని. రబ్బరులోని రసాయనం ల్యాకర్‌లోకి చేరి దాన్ని మెత్తబరుస్తుంది. వినైల్ స్ట్రాపులకూ ఇదే గుణం. గుర్తును 1500తో రుద్ది మెరుగు పెట్టవచ్చు. స్టాండు రబ్బరుకు రంగు దిగని నూలుగుడ్డ చుట్టండి, లేదా గిటార్‌ను గోడకు తగిలించండి.