స్టింగింగ్ నెటిల్‌ను కూరగా, టీగా, మందుగా ఎలా వాడాలి?

ముట్టుకుంటే చెయ్యి భగ్గుమనే మొక్క నెటిల్. అదే ఆకును రెండు నిమిషాలు మరిగే నీళ్లలో ముంచి తీస్తే మెత్తటి ఆకుకూర, ఎండబెడితే టీ. కీళ్ల నొప్పులు, మూత్ర సమస్యలు, తుమ్ములు, రక్తహీనత, జుట్టు రాలడం... దీనికి అంటగట్టని గుణం లేదు. వీటిలో కొన్నిటికి ఎంతో కొంత ఆధారం ఉంది, మిగతావాటికి పేరే తప్ప పస తక్కువ. వాడబోయేముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఆకు చేసే పని వేరు, వేరు చేసే పని వేరు. ఆకును కీళ్ల నొప్పికి, మూత్రం ధారాళంగా పోవడానికి వాడతారు. వేరును ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లకు ఇస్తారు. ఒకదాని బదులు రెండోది తీసుకుంటే ఫలితం ఉండదు.

ముందు మొక్కను గుర్తుపట్టండి

ఇక్కడ చెబుతున్నది అర్టికా డయోయికా అనే మొక్క గురించి. దురద పుట్టించే ప్రతి మొక్కనూ దురదగొండి అనేయడం మనకు అలవాటు. కానీ ఆ పేరుతో పిలిచే ట్రేజియా ఆముదం కుటుంబానికి చెందిన తీగ. కాయల మీద నూగుతో ఒళ్లంతా దురదెత్తించే దూలగొండి చిక్కుడు కుటుంబంలోది. వాటి రసాయనాలు వేరు, ఈ వ్యాసంలోని మోతాదులు వాటికి వర్తించవు.

నెటిల్ ఒకటి రెండు మీటర్ల ఎత్తు నిటారుగా పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, ఒక జతకు పై జత అడ్డంగా ఉంటుంది. ఆకు మొదలు హృదయాకారం, కొస మొన, అంచు రంపం. కాండం పలకలుగా ఉంటుంది. కణుపుల దగ్గర సన్నటి ఆకుపచ్చ పూలు దారాల్లా వేలాడతాయి. నేలలో పసుపురంగు వేళ్లు అల్లుకుపోతాయి. ఆకు ఇలాగే ఉండి, తెల్లటి లేదా ఊదారంగు పెదవుల్లాంటి పూలు పూసి, ముట్టుకున్నా మంట పెట్టకపోతే అది డెడ్ నెటిల్. పూర్తిగా వేరే మొక్క.

కుడితే ఏం చేయాలి?

కాండం మీద, ఆకుల మీద ఉండే ఒక్కో ముల్లు వెంట్రుక గాజు సూదిలాంటిది. దాని కొన సిలికాతో గట్టిపడి, తగలగానే పుటుక్కున విరిగి చర్మంలో దిగుతుంది. వెంట్రుక అడుగున ఉన్న తిత్తి నుంచి హిస్టమిన్, అసిటైల్‌కోలిన్, సెరటోనిన్ అనే మంట పుట్టించే రసాయనాలు లోపలికి పోతాయి. ఫార్మిక్ ఆమ్లం కూడా ఉంటుంది కానీ చాలా కొద్దిగా. కాబట్టి ఆమ్లానికి విరుగుడని వంటసోడా రుద్దడంలో పెద్ద అర్థం లేదు.

1. రుద్దకండి, గోకకండి. చర్మం మీద పైపైన ఉన్న వెంట్రుకలు కూడా అప్పుడే విరిగి లోపలికి దిగుతాయి. మంట పెరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.
2. పది నిమిషాలు అలాగే ఆరనివ్వండి.
3. అంటుకునే టేపును ఆ చోట మెల్లగా అద్ది, ఒక్కసారిగా పైకి లాగండి. మిగిలిన వెంట్రుకలు టేపుతో వచ్చేస్తాయి. చోటు మార్చి కొత్త టేపు వాడండి, అదే ముక్కతో మళ్లీ అద్దితే వచ్చినవి తిరిగి గుచ్చుకుంటాయి.
4. సబ్బు నీళ్లతో కడిగి, చల్లటి తడిగుడ్డ వేయండి.
5. దురద తగ్గకపోతే కాలమైన్ లోషన్ గానీ 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము గానీ పూయండి. పెద్దవాళ్లకు అలర్జీ తగ్గించే సెట్రిజిన్ మాత్ర పనిచేస్తుంది.

ఎర్రటి దద్దుర్లు కొన్ని గంటల్లో, మహా అయితే ఒక రోజులో పోతాయి. ఊపిరి ఆడకపోవడం, పెదవులు, నాలుక, ముఖం వాయడం, కళ్లు తిరగడం కనిపిస్తే అది మామూలు మంట కాదు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిన అలర్జీ.

కోత

పూత రాకముందు, మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు కొయ్యాలి. పైనున్న రెండు మూడు జతల ఆకులు చాలు. పూత మొదలయ్యాక ఆకు పీచెక్కుతుంది. పైగా అందులో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పేరుకుంటాయి, ఇవి మూత్రనాళాలను రేపుతాయని ముదురాకును ఎప్పటి నుంచో దూరం పెడుతున్నారు. పూత వచ్చేసిన మొక్కను మొదలుకంటా కోసేస్తే కొత్త చిగుళ్లు వస్తాయి, వాటిని వాడుకోవచ్చు.

గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే మందపాటి రబ్బరు తొడుగులు వేసుకోండి. నూలు తొడుగుల్లోంచి వెంట్రుకలు దూరిపోతాయి. పొడుగు చేతుల చొక్కా ఉండాలి, చొక్కా చెయ్యికీ తొడుగుకీ మధ్య మణికట్టు బయటపడకూడదు, కుట్టించుకునేది సాధారణంగా అక్కడే. కత్తెరతో కోసి నేరుగా బుట్టలో పడేయండి.

ఎక్కడ కోస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. నెటిల్ నత్రజని దండిగా ఉన్న నేలను వెతుక్కుని పెరుగుతుంది: పెంటకుప్పల పక్కన, మురుగు కాలువల గట్ల మీద, పశువుల కొట్టాల చుట్టూ. నేలలోని నైట్రేట్లను, భార లోహాలను ఆకుల్లోకి లాక్కుంటుంది. రోడ్డు అంచున, ఫ్యాక్టరీల దగ్గర, పురుగుమందు కొట్టిన పొలం గట్టున ఎంత ఏపుగా కనిపించినా వదిలేయండి.

కూరగా వండటం

నెటిల్‌తో కచ్చితంగా దక్కే లాభం ఇదే. మందుగా దాని గుణం మీద వాదనలుండొచ్చు గానీ, ఆకుకూరగా దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు.

1. ఇద్దరు ముగ్గురికి 250 గ్రాముల పచ్చి ఆకు తీసుకోండి. తొడుగులు వేసుకునే రెండు మూడు నీళ్లు మార్చి కడగండి.
2. పెద్ద గిన్నెలో 3 లీటర్ల నీళ్లు తెర్ల కాగనిచ్చి, చెంచా ఉప్పు వేయండి.
3. ఆకును పటకారుతో వేసి, పూర్తిగా మునిగేలా నొక్కండి. రెండు నిమిషాలు ఉడకనివ్వండి. నీళ్ల పైన తేలిన ఆకుకు వేడి సరిగా తగలదు, తర్వాత నాలుక మీద చురుక్కుమనేది ఆ ఆకే.
4. తీసి వెంటనే చల్లటి నీళ్లలో వేయండి. రంగు నిలుస్తుంది, ఉడకడం ఆగుతుంది.
5. గట్టిగా పిండి తరగండి. ఇక తొడుగులు అక్కర్లేదు. 250 గ్రాముల ఆకు ఓ గుప్పెడు ముద్దవుతుంది, ముందే లెక్క వేసుకోకపోతే కూర చాలదు.

ఆ ముద్దను మామూలు ఆకుకూరలాగే పప్పులో, సూపులో, వేపుడులో వేసుకోవచ్చు. మిక్సీలో మెత్తగా రుబ్బినా ముళ్లు విరిగిపోతాయి, కానీ మొదటిసారి వండేవాళ్లు ఉడకబెట్టడమే మేలు.

ఉడికించిన 100 గ్రాముల ఆకులో కాల్షియం సుమారు 480 మిల్లీగ్రాములు, పీచు దాదాపు 7 గ్రాములు, మాంసకృత్తులు 2.7 గ్రాములు, విటమిన్ కె దాదాపు 500 మైక్రోగ్రాములు ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన కాల్షియంలో సగానికి దగ్గర. ఇనుము మాత్రం 1.6 మిల్లీగ్రాములే. అమెరికా ప్రమాణాల ప్రకారం నెలసరి వచ్చే వయసులోని స్త్రీకి రోజుకు 18 మిల్లీగ్రాములు కావాలి. రక్తం పట్టాలంటే నెటిల్ టీ తాగండి అనే సలహా ఇక్కడే తేలిపోతుంది. కూరగా తినండి, నిమ్మరసం పిండుకుంటే ఇనుము కాస్త బాగా వంటబడుతుంది, కానీ డాక్టరు రాసిన ఐరన్ మాత్ర మానకండి.

ఎండబెట్టడం

ఎనిమిది పది కొమ్మలను వదులుగా కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. బిగించి కడితే మధ్యలో చెమ్మ నిలిచి నల్లబడుతుంది, బూజు పడుతుంది. ఎండలో పెడితే తొందరగానే ఆరుతుంది గానీ పచ్చదనం పోయి గడ్డిలా అవుతుంది. డ్రయ్యర్ ఉంటే 40 డిగ్రీల సెల్సియస్ దాటించకండి. నీడలో గాలిలో తేమను బట్టి వారం అటూ ఇటూ పడుతుంది.

ఆకును నలిపితే గలగలమని పొడి కావాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. ఎండిన ఆకులో మంట రసం పని అయిపోయినా, వెంట్రుకలు పొడిగా గుచ్చుకుంటాయి. కాబట్టి నలిపేటప్పుడు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి, ఆ దుమ్ము గొంతులోకి పోతే దగ్గు ఆగదు. గాలి చొరని సీసాలో, వెలుతురు తగలకుండా పెడితే ఏడాది ఉంటుంది. మూత తీసినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తే జాలిపడకుండా పారేయండి.

ఆకు టీ: కీళ్లకు, మూత్రానికి

యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ నెటిల్ ఆకును రెండు పనులకు ఒప్పుకుంది: కీళ్లలో చిన్నపాటి నొప్పులకు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసి మూత్రమార్గాన్ని కడిగేందుకు సాయంగా. అయితే ఆ ఆమోదం తరతరాల వాడుకను చూసి ఇచ్చినది, పెద్ద ప్రయోగాలను చూసి కాదు.

1. ఒక కప్పుకు 2 నుంచి 4 గ్రాముల ఎండు ఆకు తూచుకోండి. చెంచా లెక్క నమ్మకండి, నలిపిన ఆకు తేలిక, పొడి బరువు, ఒకే చెంచాలో రెట్టింపు తేడా వస్తుంది.
2. అప్పుడే మరిగి దించిన 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూత పెట్టండి.
3. 10 నిమిషాలాగి, సన్నటి గుడ్డలో వడకట్టండి. టీ వడపోత కన్నాల్లోంచి ముక్కలు జారి గొంతులో గరగరలాడతాయి.
4. మొదటి రెండు మూడు రోజులు 2 గ్రాములతో ఒక కప్పే తాగి చూడండి. కడుపులో తిప్పడం, విరేచనాలు, దద్దుర్లు లేకపోతే మూడు కప్పుల దాకా పెంచండి. రోజు మొత్తానికి 12 గ్రాముల ఆకు దాటకూడదు.
5. చివరి కప్పు సాయంత్రం లోపే తాగేయండి, లేకపోతే రాత్రంతా లేస్తూనే ఉంటారు.

మూత్రం కోసం తాగేటప్పుడు దానితోపాటు మంచినీళ్లు బాగా తాగాలి. నాలుగు వారాలు తాగినా నొప్పి తగ్గకపోతే ఆపి డాక్టరుకు చూపించుకోండి. కీలు ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే నాలుగు రోజులు కూడా ఆగకూడదు.

పచ్చి ఆకుతో నొప్పి ఉన్నచోట కావాలని కుట్టించుకునే పద్ధతి రోమన్ల కాలం నుంచీ ఉంది. ఇంగ్లండులో 27 మందిపై జరిపి 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చేతి బొటనవేలు లేదా చూపుడువేలి మొదట్లో కీలు అరిగినవాళ్లకు వారంపాటు అలా చేస్తే, మంటపెట్టని డెడ్ నెటిల్ ఆకు కంటే నొప్పి ఎక్కువ తగ్గింది. చిన్న ప్రయోగం, తక్కువ కాలం. చర్మ అలర్జీ ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

వేరు: ప్రోస్టేట్‌కు

వయసు మీరిన మగవాళ్లలో ప్రోస్టేట్ పెరిగి మూత్రం సన్నగా రావడం, రాత్రుళ్లు పదేపదే లేవాల్సిరావడం వంటివాటిని వేరు కొంత తేలిక చేస్తుంది. పెరిగిన గ్రంథిని మాత్రం చిన్నది చేయదు. మోతాదు రోజుకు 4 నుంచి 6 గ్రాముల ఎండు వేరు. వేళ్లను ఆకులు వాడిపోయే కాలంలో తవ్వి, మట్టి పోయేలా తోమి, ముక్కలు కోసి ఎండబెట్టుకోవాలి. వేరు గట్టిది కాబట్టి ఆకులా వేడినీళ్లు పోస్తే సారం దిగదు. 1.5 గ్రాముల ముక్కలను చల్లటి నీళ్లలో వేసి, కాగనిచ్చి, ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి 10 నిమిషాలాగి వడకట్టాలి. రోజుకు మూడు నాలుగుసార్లు.

ముందు డాక్టరు పరీక్ష, తర్వాతే వేరు. ఇదే లక్షణాలతో ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా రావచ్చు, కషాయంతో ఉపశమనం దొరికిందని పరీక్ష వాయిదా వేయడమే అసలు ప్రమాదం. మూత్రంలో రక్తం, జ్వరం, మూత్రం పూర్తిగా బంద్ కావడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

అలర్జీ తుమ్ములు, జుట్టు, చక్కెర

తుమ్ముల కోసం అమ్మే గొట్టాల్లో (క్యాప్సూల్స్‌లో) ఉండేది శీతలీకరించి ఎండబెట్టిన ఆకు. 1990లో వచ్చిన ఒక ప్రయోగంలో 69 మందిని లెక్కలోకి తీసుకోగా, 300 మిల్లీగ్రాముల గొట్టం ఉత్తుత్తి మందు కంటే కొంచెం మెరుగనిపించింది. అంతకుమించి చెప్పుకోవడానికి లేదు. జుట్టుకు నెటిల్ నీళ్లు హాని చేయవు, ఊడినచోట మొలిపించనూ మొలిపించవు. రక్తంలో చక్కెరను కొద్దిగా దించవచ్చు, అందుకే మధుమేహ మాత్రలు వేసుకునేవాళ్లు జాగ్రత్తపడాలి.

గొట్టాలు కొనేటప్పుడు చీటీ మీద ఆకా, వేరా అన్నది రాసి ఉందో లేదో చూడండి. ఉట్టి నెటిల్ అని రాసి ఉన్నది కొనకండి.

ఎవరు వాడకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 12 ఏళ్లలోపు పిల్లలు మందు మోతాదులో తీసుకోకూడదు. గుండె లేదా మూత్రపిండాల జబ్బుతో కాళ్లకు నీరు పట్టినవాళ్లకు మూత్రం పెంచే టీ సొంతంగా తాగడం ప్రమాదం.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు కూరగా తిన్నా సరే డాక్టరుకు చెప్పాలి. 100 గ్రాముల ఆకులో ఉన్న విటమిన్ కె పెద్దవాళ్ల రోజు అవసరానికి నాలుగైదు రెట్లు, ఒకరోజు తిని ఒకరోజు మానితే రక్తం పలుచదనం అటూ ఇటూ అయిపోతుంది. రక్తపోటు మాత్రలు, నీరు తీసే మాత్రలతో కలిస్తే బీపీ మరీ పడిపోవచ్చు. మానసిక జబ్బుకు లిథియం మందు వాడేవాళ్లలో మూత్రం పెంచే పదార్థాలు ఆ మందును శరీరంలో నిలవచేసి విషమయ్యేదాకా తేగలవు, వాళ్లు డాక్టరును అడగకుండా ఒక్క కప్పు కూడా మొదలుపెట్టకూడదు.