ఖరీదైన లిక్విడ్ కూలర్ పెట్టినా ప్రాసెసర్ వేడి తగ్గకపోతే

సొంతంగా అసెంబుల్ చేసుకున్న పీసీలో బడ్జెట్‌లోని పెద్ద భాగాన్ని 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్‌కు (ప్రాసెసర్ వేడిని ద్రవం ద్వారా రేడియేటర్‌కు చేర్చి, ఫ్యాన్లతో చల్లార్చే పరికరానికి) కేటాయించి, తీరా రెండరింగ్ మొదలుపెట్టగానే ప్రాసెసర్ 95 లేదా 100 డిగ్రీలు చూపించడంతో, ఇంకా పెద్దది కొనాలేమోనన్న ఆలోచనలో పడేవారు చాలామంది. ఆ రెండో కొనుగోలు నూటికి తొంభైసార్లు దండుగ ఖర్చేనని నా అనుభవం.

ముందు చూడవలసినది

ఏ స్క్రూ విప్పకముందే, సినీబెంచ్ (ప్రాసెసర్‌ను పూర్తిగా పనిచేయించే పరీక్షా సాఫ్ట్‌వేర్) వంటి పూర్తి లోడ్‌ను ఓ పావుగంట నడిపి, ఉష్ణోగ్రత ఎంతకు చేరిందన్నది కాక, ఎలా పెరిగిందన్నది గమనించాలి. నీటికి వేడిని తనలో ఇముడ్చుకునే శక్తి ఎక్కువ కాబట్టి, గొట్టాల్లోని ద్రవం వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. అందువల్ల లోడ్ పెట్టిన రెండు మూడు సెకన్లలోనే అంకె గరిష్ఠానికి ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా కిందికి పడిపోతే, రేడియేటర్‌కు దానితో సంబంధం లేదు. తప్పు చిప్‌కూ కూలర్ అడుగు పలకకూ మధ్య ఉంది, లేదా పంపులో ఉంది, లేదా చిప్‌లోనే ఉంది. అలా కాక మెల్లమెల్లగా పావుగంట పాటు పెరుగుతూ పోతే, ఫ్యాన్లను, రేడియేటర్‌లోని దుమ్మును, కేబినెట్‌లో గాలి వచ్చిపోయే దారిని చూడాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా, సహాయం అడిగేవారు ఒక్క గరిష్ఠ అంకె తప్ప మరేమీ చెప్పరు.

నెమ్మదిగా పెరిగితే

ఇది తేలికైన సంగతి. రేడియేటర్ ఫ్యాన్లు గాలిని ఒకే దిశలో పంపుతున్నాయో లేదో, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి గాలి రేడియేటర్ గుండా పోతోందో చూడండి. కేబినెట్ పక్క పలక తీసి చూసినప్పుడు ఐదారు డిగ్రీలు తగ్గితే, డబ్బు పెట్టవలసింది కేబినెట్ మీదే గాని కూలర్ మీద కాదు.

ఒక్కసారిగా ఎగబాకితే

అడుగు పలక మీది ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయినవారిని నేను ఒకరిని కాదు, చాలామందిని చూశాను. దాని తరువాత పంపు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) పంపు వేగం సున్నా చూపిస్తోందా, ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టి హెచ్చుతగ్గులు అవుతోందా అన్నది చూడాలి. మామూలు ఫ్యాన్ కనెక్టర్‌కు తగిలించిన పంపు ఫ్యాన్ లెక్క ప్రకారం నెమ్మదిస్తుంది కాబట్టి, దానిని పూర్తి వేగానికి స్థిరపరచాలి. కొన్ని కూలర్లలో పంపుకు విద్యుత్తు పవర్ సప్లై నుంచి వచ్చే సాటా కనెక్టర్ ద్వారా అందుతుంది. అది తగిలించారో లేదో చూడండి. లోడ్ మీద ఒక గొట్టం బాగా వేడిగా, మరొకటి చల్లగా ఉంటే ద్రవం సరిగా తిరగడం లేదని అర్థం. పంపులో గలగల శబ్దం వస్తుంటే గాలి చేరింది. మొత్తం వ్యవస్థలో పంపు అన్నింటికంటే ఎత్తులో లేకుండా రేడియేటర్‌ను మళ్లీ బిగించాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా అంకె కదలకపోతే, నన్ను రెండు వారాలు తిప్పలు పెట్టిన కారణం దగ్గరకు వచ్చినట్లే.

అసలు దొంగ: వాట్ల పరిమితి

240 కూలర్‌తో 100 డిగ్రీలు తాకుతున్న ఒక కోర్ ఐ9 మీద నేను 360 పెట్టాను. 100 డిగ్రీలే వచ్చింది. చిప్‌కూ అడుగు పలకకూ మధ్య రాసే పేస్ట్ మార్చాను, రెండుసార్లు విప్పి బిగించాను, కూలర్ లోపభూయిష్టమని నిర్ధారించుకుని తిరిగి పంపడానికి పెట్టె కూడా సర్దాను. చివరికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ ప్యాకేజ్ పవర్ అనే వరుసను చూస్తే, పాత కూలర్‌తో పోలిస్తే కొత్త కూలర్ మీద చిప్ నలభై వాట్లు ఎక్కువ తీసుకుంటోంది. అంటే కూలర్ తన పని తాను చేసింది. అది ఇచ్చిన వెసులుబాటును చిప్ అప్పటికప్పుడు ఖర్చు చేసేసింది.

కోర్ ఐ9 13900కె, 14900కె ప్రాసెసర్లకు ఇంటెల్ నిర్దేశించిన గరిష్ఠ టర్బో పవర్ (పూర్తి వేగంలో తీసుకోగల విద్యుత్తు) 253 వాట్లు. అయితే చాలా మదర్‌బోర్డులు ఆ పరిమితిని డీఫాల్ట్‌గా 4096 వాట్లకు, అంటే పరిమితే లేనంతకు, పెట్టి వచ్చేవి. అప్పుడు చిప్ 300 వాట్లు దాటి పోయి, 100 డిగ్రీలను తాకి, అక్కడ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌లోనైతే ఇది లోపం కూడా కాదు. పూర్తి లోడ్ మీద 95 డిగ్రీల దాకా వెళ్లి పనిచేసేలాగే దానిని రూపొందించారు. ఇక్కడ మెరుగైన కూలర్ పెడితే తగ్గేది ఉష్ణోగ్రత కాదు, పెరిగేది క్లాక్ వేగం. పైగా ఇంత వేడీ గోరంత సిలికాన్ ముక్క నుంచి బయటికి రావాలి కాబట్టి, ఆ ఇరుకు దాటని వేడికి అవతల ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా ప్రయోజనం స్వల్పమే.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ఇంటెల్ బోర్డుల్లో బయోస్‌కు వెళ్లి పీఎల్1, పీఎల్2 (దీర్ఘకాల, స్వల్పకాల వాట్ల పరిమితులు) రెండింటినీ 253 చేసి చూడండి. అప్పటికీ వేడిగా ఉంటే 200కు దించండి. రైజెన్‌లో ఎకో మోడ్ ఎంచుకుంటే, 170 వాట్ల తరగతి చిప్ 105 లేదా 65 వాట్ల తరగతికి మారి, అసలు పవర్ 230 వాట్ల నుంచి 142కు, లేదా 88కి దిగుతుంది. పై అంచున చివరి కొద్దిపాటి వేగం కోసమే చిప్ అత్యధికంగా వాట్లు తాగుతుంది కాబట్టి, వేడి తగ్గినంతగా పనితీరు తగ్గదు. బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఈ అంకెలు సాధారణంగా మొదటికి వస్తాయన్నది మరిచిపోవద్దు. 13, 14 తరాల ఇంటెల్ చిప్‌ల అస్థిరత సమస్యకు 2024లో వచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్ సవరణ) కోసం ఆ అప్‌డేట్ ఎలాగూ తప్పదు.

ఇంకా కొననివారికి

కూలర్ బడ్జెట్‌ను ఉష్ణోగ్రతను చూసి కాక, మీరు స్థిరపరచబోయే వాట్లను చూసి వేసుకోండి. 150 వాట్ల లోపు ఉండే చిప్‌కు మంచి ఎయిర్ కూలరే చాలు, దానిలో చెడిపోవడానికి పంపూ ఉండదు. గంటల తరబడి 200 వాట్లు దాటే పనికి 280 లేదా 360 న్యాయమైన ఖర్చు. పంపు మీది చిన్న తెర, రంగుల దీపాలు ఒక్క డిగ్రీని కూడా తగ్గించవు. సాధారణంగా 27 మిల్లీమీటర్ల రేడియేటర్, 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ కలిపి 52 మిల్లీమీటర్లు కావాలి. ఆ చోటు లేక కేబినెట్ కూడా మార్చవలసి వస్తే, దాని ధరనూ కూలర్ ఖాతాలోనే రాసుకోవాలి.

అరుదైనవి

ద్రవం కారడం, లోపలి సన్నని దారులు పూడుకుపోవడం, కొత్త పంపు మొదటి నెలలోనే చావడం ఉంటాయి, కానీ తక్కువ. కారితే వెంటనే కరెంటు తీసేయండి. మూసివున్న కూలర్‌ను మీరే విప్పి ద్రవం నింపే ప్రయత్నం చేయకండి, వారంటీ పోతుంది.