అమెరికా పోల్స్ చదవడం – 4వ పాఠం: అంకె కన్నా ముందు ప్రశ్న

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకి మీ జవాబులు చూశాను. ఇవాళ నేరుగా ప్రశ్నల సంగతి మొదలుపెడదామనుకున్నాను. అది కుదిరేలా లేదు, ముందు ఆ లెక్క తేలాలి.

1,000 మందిని అడిగిన సర్వే. ఒక అభ్యర్థికి 48 శాతం, ఇంకొకరికి 45. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (సర్వే అంకె అటూఇటూ ఎంత తప్పొచ్చో చెప్పేది) 3. కొందరు "తేడా కూడా 3 కాబట్టి మొదటాయన గట్టెక్కినట్టే" అని రాశారు. చాలామంది "మార్జిన్ లోపలే ఉంది, ఇద్దరూ సమానం" అన్నారు. రెండూ తప్పే.

ఆ 3 ఇద్దరి మధ్య తేడాకి కాదు. 48కి విడిగా, 45కి విడిగా వర్తిస్తుంది. ఒకరి వాటా తగ్గితే ఎక్కువగా రెండోవారిదే పెరుగుతుంది కాబట్టి తేడాకి మార్జిన్ దాదాపు రెట్టింపు, అంటే 6. మొదటాయన 9 పాయింట్లు ముందుండొచ్చు, 3 పాయింట్లు వెనకబడీ ఉండొచ్చు. అలాగని సమానం అనకూడదు. ముందున్నట్టు కనిపించినవాడు నిజంగా ముందుండే అవకాశమే ఎక్కువ, కాకపోతే ఖాయంగా చెప్పలేం. నేను చేసేది ఇంతే: మార్జిన్‌ని రెట్టింపు చేస్తాను, తేడా అంతకన్నా తక్కువైతే పక్కన "ముందున్నట్టుంది" అని రాసుకుంటాను. టీవీవాళ్ళు దాన్నే హోరాహోరీ అంటారు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

ఇంకో పొరపాటు ఆసక్తికరంగా ఉంది. మనవాళ్ళు ఎటు ఉన్నారో చూడాలన్న ఆత్రంతో కొందరు అదే సర్వే పట్టికలో ఏషియన్ల వరసకి వెళ్ళి, వాళ్ళలో ఒక అభ్యర్థికి మద్దతు నెలలో 9 పాయింట్లు పడిపోయిందని తేల్చారు. 1,000 మందిలో ఏషియన్లు ఓ 65 మంది ఉంటారేమో. 65 మందికి మార్జిన్ 12 దాకా వస్తుంది. ఆ 65 మందిలోనే చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం, కొరియా మూలాలవాళ్ళూ ఉంటారు. చాలా జాతీయ సర్వేలు ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లోనే మాట్లాడతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉన్న తెలుగువాళ్ళ గురించి ఆ వరస చెప్పేది ఏమీ లేదు. దాన్ని వదిలేయండి.

వెయ్యిమంది మాటతో 33 కోట్ల దేశం ఎలా తెలుస్తుందని మళ్ళీ అడిగినవాళ్ళు రెండో పాఠానికి వెళ్ళండి. ఎంతమందిని అడిగారన్నదానికన్నా ఎవరిని అడిగారన్నదే ముఖ్యం. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి కూడా లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

ఇక ప్రశ్నలు. "అమెరికన్లలో ఇంత శాతం మంది ఫలానాదాన్ని వ్యతిరేకిస్తున్నారు" అనే హెడ్డింగ్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏమని అడిగితే వ్యతిరేకించారు? అది ఎవరూ రాయరు.

అమెరికన్ల అభిప్రాయాలు అడిగే జనరల్ సోషల్ సర్వే అని 1972 నుంచి నడుస్తోంది. ప్రభుత్వం దేనిమీద మరీ తక్కువ ఖర్చు పెడుతోందో అందులో అడుగుతారు. 1980ల నుంచి ఒక ఏర్పాటు ఉంది: కొంతమందిని "వెల్ఫేర్" (లేనివాళ్ళకి ప్రభుత్వమిచ్చే సాయం) గురించి, మరికొంతమందిని "పేదలకు సాయం" గురించి అడుగుతారు. రెండూ ఇంచుమించు ఒకటే. 1984లో వెల్ఫేర్ మీద ఖర్చు చాలడం లేదన్నవాళ్ళు నాలుగోవంతు. పేదలకు సాయం చాలడం లేదన్నవాళ్ళు 60 శాతం పైనే. తర్వాత కూడా ఆ దూరం పోలేదు.

దీన్ని చూసి జనానికి నిలకడ లేదనుకుంటే ఏమీ నేర్చుకోనట్టే. ఎవడి కాళ్ళమీద వాడు నిలబడాలన్నది అమెరికన్ల గట్టి నమ్మకం. ఆపదలో ఉన్నవాడిని ఆదుకోవాలన్నదీ అంతే గట్టి నమ్మకం. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. వెల్ఫేర్ అనగానే మొదటిది లేస్తుంది, పేదలు అనగానే రెండోది. ఏది బయటికి రావాలో ప్రశ్న రాసినవాడే నిర్ణయిస్తున్నాడు.

విలువల దగ్గర ఇది ఇంకా బాగా కనబడుతుంది. ప్రోత్రో, గ్రిగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆన్ ఆర్బర్, టాలహాసీ పట్టణాల్లో చేసిన అధ్యయనం 1960లో వచ్చింది. ప్రజాస్వామ్యం మంచిదా, మైనారిటీలకు తమ మాట చెప్పుకునే హక్కు ఉండాలా అంటే దాదాపు అందరూ ఔనన్నారు. కమ్యూనిస్టు ఒకడు పద్ధతి ప్రకారమే మేయర్‌గా గెలిస్తే పదవిలో కూర్చోనివ్వాలా అనేసరికి ఆ ఏకాభిప్రాయం చెదిరిపోయింది.

తుపాకీ కొనేవారి నేర చరిత్రను తప్పకుండా తనిఖీ చేయాలా అంటే జాతీయ సర్వేల్లో 80, 90 శాతం ఔనంటారు. 2016 నవంబరులో మెయిన్ రాష్ట్రంలో అదే విషయం ఓటుకి పెడితే దాదాపు 52 శాతం మంది వద్దన్నారు, ఓడిపోయింది. నెవాడాలో అతికష్టం మీద గెలిచింది. సర్వేలో అడిగింది ఒక సూత్రం. బ్యాలెట్ మీద ఉన్నది క్లాజులున్న చట్టం. వేటకెళ్ళే స్నేహితుడికి తుపాకీ కాసేపు వాడుకోడానికి ఇచ్చినా తనిఖీయేనా అన్న వాదన మెయిన్ లాంటి వేటగాళ్ళ రాష్ట్రంలో బాగా పనిచేసింది.

ప్రశ్నలో నాయకుడి పేరు ఉందేమో కూడా చూడండి. 2013లో సీఎన్‌బీసీ టీవీ చానెల్ ఒకే ఆరోగ్య బీమా చట్టాన్ని రెండు పేర్లతో అడిగింది. ఒబామాకేర్ అంటే 46 శాతం వ్యతిరేకం. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అంటే 37. ఒబామా పేరు చెడగొట్టిందనుకోకండి, ఆ పేరుతో అడిగితే మద్దతు కూడా 22 నుంచి 29కి పెరిగింది. అసలు పేరు చెబితే అదేమిటో తెలియదన్నవాళ్ళే 30 శాతం.

ఏళ్ళ తరబడి పోల్చేటప్పుడు మాటలు అవే ఉన్నాయా అన్నది చూడండి. శ్వేత, నల్లజాతివారి మధ్య పెళ్ళిళ్ళకి గాలప్ అనే సంస్థ సర్వేలో ఆమోదం 1958లో 4 శాతం, 2021లో 94. మధ్యలో ప్రశ్నలోని మాటలు మారాయి. కానీ 90 పాయింట్ల మార్పు మాటలవల్ల రాదు, అది దేశం మారడమే. 5 పాయింట్ల మార్పయితే నేను నమ్మను.

నేను సర్వే తెరిస్తే ముందు టాప్‌లైన్ అనే పత్రం వెతుకుతాను, ప్రశ్నలన్నీ ఉన్నవి ఉన్నట్టు అందులోనే ఉంటాయి. అది ఇవ్వని సర్వే జోలికి వెళ్ళను.

అభ్యాసం మర్చిపోయేవాణ్ణి. అబార్షన్ మీద గాలప్‌కి రెండు పాత ప్రశ్నలున్నాయి. మీరు ప్రో-లైఫా (అబార్షన్ వద్దనేవారా), ప్రో-చాయిసా (నిర్ణయం మహిళదే అనేవారా) అన్నది ఒకటి. ఏ పరిస్థితుల్లో చట్టబద్ధం కావాలన్నది రెండోది, ఇది 1975 నుంచీ ఉంది. రెండింటికీ 2019, 2021, 2023 అంకెలు తీయండి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అబార్షన్ హక్కునిచ్చిన పాత రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసిందన్నది గుర్తుంచుకుని, ఏ ప్రశ్నలో ఎంత కదలిక వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాయండి. "దేశం రెండుగా చీలిపోయింది" అని రాసినవాళ్ళ జవాబు నేను చదవను. తేడాలకి మార్జిన్ రెట్టింపు చేయడం మర్చిపోవద్దు.