హిర్కణీ బురుజు దగ్గర చల్లటి నీళ్లు

మహారాష్ట్రలోని రాయగడ్ కొండకోట ఎక్కేటప్పుడు తెచ్చుకున్న నీళ్లు సగం మెట్లలోనే వేడెక్కిపోతాయి. నిండుగా నింపి గడ్డకట్టించిన సీసాలో దాహం వేసినప్పుడు తాగడానికి చుక్క ఉండదు.

ఈసారి మేము ఇలా చేశాం. ముందు రాత్రి లీటరు ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు మాత్రమే నీళ్లు పోసి, మూత బిగించి, ఫ్రీజరులో పక్కకు పడుకోబెట్టాం. మంచు సీసా పొడవునా పక్కన అంటుకుని ఉంటుంది, మూతి దగ్గర అడ్డం రాదు. పొద్దున బయలుదేరే ముందు మామూలు నీళ్లతో నింపి, పొడి తువ్వాలు రెండు చుట్లు చుట్టి సంచి మధ్యలో పెట్టుకున్నాం. తడి గుడ్డ వద్దు, మంచు త్వరగా కరుగుతుంది. మనిషికి రెండు సీసాలు, ఒకటి పైకి చేరేదాకా తీయకూడదు.

ఆ రెండోది హిర్కణీ బురుజు దగ్గర తీశాం. చీకటి పడి కోట తలుపులు మూసేస్తే, ఇంట్లో ఉన్న పసిబిడ్డ కోసం పాలమ్మే హిర్కణి ఈ కొండ అంచునుంచే దిగిపోయిందని, అది విని శివాజీ ఇక్కడ బురుజు కట్టించాడని చెబుతారు. కిందికి ఒక్కసారి చూస్తే ఆ తల్లి తెగువకు గొంతు పట్టేస్తుంది. అక్కడ తొందరపడకుండా కాసేపు కూర్చోవాలి.

ముందు రోజే ఇంటినుంచి బయలుదేరేవారికి ఇది పనికిరాదు, దారిలోనే మంచు కరిగిపోతుంది. రాత్రి బస చేసేచోట ఫ్రీజరు ఉందేమో ముందే అడగండి.